శంకరరావు గారి ఒకటో దిమ్మ

నిండు నీళ్ల డ్రమ్ము కనబడితే శంకరరావు గారి చెయ్యి ఊరుకోదు. రైల్వే వంతెనల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం ఆయనది. కోర్బా కరెంటు కేంద్రం పారబోసే బూడిదను సిమెంటులో కలిపి, ఆ పచ్చి ముద్దను గొట్టంతో డ్రమ్ము అడుగున ఉన్న చెక్కపెట్టెలోకి జార్చేవారు. నీళ్లలోనే అది రాతి దిమ్మలా గట్టిపడాలట. ఎన్నాళ్లకని అడిగితే ఒకటే జవాబు, తొంభై రోజులు.

దయాల్‌బంద్‌ పేటలో ఒక పెళ్లికి వెళ్లి, కాళ్లు కడుక్కునే గంగాళంలోనూ పోసి వచ్చారు. తొంభై రోజులకు వెళితే గంగాళం అద్దెకొట్టుకు చేరిపోయింది. కొట్టువాడు ఆ దిమ్మను తలుపుకు అడ్డం పెట్టుకున్నాడు, ఇవ్వనన్నాడు.

అన్నిటికంటే ఎక్కువ దిమ్మలు ఖలాసీ అప్పలస్వామి క్వార్టర్లో, నీళ్ల డ్రమ్ముల్లో ఉండేవి. అతని భార్య కనకమహాలక్ష్మికి అదే మంట.

"ఏటి బాబూ, ఈ నీళ్లు నా బట్టలకా, మీ రాళ్లకా?"

"అవీ తాగాలి కదమ్మా. తాగితేనే గట్టిపడతాయి."

విసుగెత్తి ఒకనాడు చిన్న పీటంత దిమ్మను బయటికి లాగి, దాని మీదే బట్టలు బాదడం మొదలుపెట్టింది. పగిలితే పీడ పోతుందనుకుంది. అది పగల్లేదు. ఆయన వెతుక్కుంటూ వస్తే తడిచీర దాని మీద కప్పి, నాకు తెలీదంది.

వంతెన స్తంభాల అడుగున ప్రవాహం కోసేసిన చోట, మునిగి సిమెంటు బస్తాలు పేర్చడం అప్పలస్వామి పని. దసరా ముందు పైకి తేలేసరికి చెవిలోంచి రక్తం కారింది. మళ్లీ మునిగితే వినికిడి పోతుందని ఆ రోజే డాక్టరు కాగితం రాసిచ్చాడు. పని తప్పించుకున్నాడన్న మాట పడలేక, అతను దాన్ని ట్రంకుపెట్టెలో దాచేశాడు.

వానలకు నెల ముందు, మునగడానికి మళ్లీ పిలుపు వచ్చింది. భర్తకు చెప్పకుండా కనకమహాలక్ష్మి ఆ కాగితం తీసుకుని ఆఫీసుకు వెళ్లింది.

గుమ్మం దగ్గరే మాటలు వినబడ్డాయి. మనుషుల్ని ముంచనక్కర్లేదు, పైనుంచి గొట్టంతో బూడిద సిమెంటు పోస్తే చాలని శంకరరావు గారు బతిమాలుతున్నారు. తొంభై రోజులు దాటిన దిమ్మ ఒక్కటి చూపించమంటున్నాడు ఆఫీసరు. గంగాళంలోది కొట్టువాడు ఇవ్వడం లేదనీ, మిగతావి ఇంకా పండలేదనీ, ఒకటో దిమ్మ ఎక్కడో పోయిందనీ ఈయన నసుగుతున్నారు.

ఆమె వెనక్కి తిరిగింది. అరగంటలో దిమ్మను చంకనెత్తుకొచ్చి ఆఫీసరు బల్ల మీద పెట్టింది.

"ఆరు నెల్లై బాదేస్తన్నానండి. చీరలు చిరిగిపోనాయి గానీ దీనికేటీ అవలేదు."

ఆఫీసరు సుత్తి తెప్పించాడు. నాలుగో దెబ్బకు బల్ల కాలు విరిగింది. దిమ్మ బోర్లా పడింది. దాని అడుగున, పోసిన తేదీ మేకుతో గీసి ఉంది. ఆమె చేతిలోని డాక్టరు కాగితం మీద కూడా అవే అంకెలు.

"మా ఇంటాయన చెవి సంగతి మీకు తెలుసా బాబూ?" అంది మెల్లగా.

ఆయన దిమ్మకేసి చూస్తూ ఆఫీసరుతో అన్నారు, "గొట్టం దగ్గర నదిని ఎరిగిన మనిషి ఉండాలండి. అప్పలస్వామిని పైనే ఉంచండి."

ఒక స్తంభానికి అలా పోయడానికి ఒప్పుకున్నాడు ఆఫీసరు. దిమ్మను మాత్రం రికార్డుకు ఉంచమన్నాడు. ఉతుక్కోడానికి కావాలని ఆమె తీసుకుపోయింది.

పోత పోసిన రోజు అప్పలస్వామి పొడి చొక్కాతో ఇంటికొచ్చాడు.

మర్నాడు శంకరరావు గారు గుమ్మంలో తచ్చాడుతుంటే, కనకమహాలక్ష్మే డ్రమ్ము మూత తీసి పట్టుకుంది.

"పొయ్యండి బాబూ. తొంభై రోజులు చెయ్యెట్టను."