ఎదుగూ బొదుగూ లేనివి

ఆ ల్యాబ్‌లో ఆమెను అందరూ మొండిఘటం అనేవారు. ఆ పేరు పెట్టింది వాళ్ళ గైడు మేడమే. ఎదురు మాట్లాడితే మొండితనం, నోరు మూసుకుంటే పొగరు. ఇక మనిషి ఎలా బతకాలట? పీహెచ్‌డీ గడువు ఆ ఏడాదితో అయిపోతుంది. మేడమ్ సంతకం పెడితే డాక్టరు, లేదంటే ఇన్నేళ్ళ గొడ్డుచాకిరీ మట్టిపాలు.

వాళ్ళ పని ఈస్ట్‌తో. రొట్టె పొంగించే ఈస్టే. దెబ్బతిన్న జన్యువుల్ని బాగుచేసే జన్యువు ఒకటి దానిలో ఉంది. దాన్ని తీసేస్తే మ్యుటేషన్లు, అంటే జన్యువుల్లో మార్పులు, పెరుగుతాయా, పెరగవా? విషం కలిపిన మేత పోసిన ప్లేట్ల మీద కణాల్ని పరుస్తారు. మారని కణం చస్తుంది, మారినది బతికి తెల్లటి చుక్కలా పెరుగుతుంది. చుక్కలు ఎక్కువైతే మ్యుటేషన్లు ఎక్కువన్నమాట. ఆ జన్యువు ఉన్నా ఊడినా ఒకటేనని మేడమ్ ఎప్పుడో తేల్చేసింది. ఆవిడ పేరూ, కుర్చీ, అక్కడున్న వాళ్ళందరి థీసిస్సులూ ఆ ఒక్క మాట మీదే నిలబడ్డాయి.

ల్యాబ్‌లో ఒక ఆనవాయితీ ఉండేది. ఈస్ట్‌ను పాత ప్లేటు నుంచి కొత్తదానికి మార్చేటప్పుడు బొద్దుగా ఉన్న చుక్కనే టూత్‌పిక్‌తో తియ్యాలి. పీలగా ఉన్నవాటి జోలికి పోకూడదు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. అడిగితే ఊరుకుంటుందా ఆవిడ?

ఒకరోజు మొండిఘటం ఆ జన్యువును కొత్తగా తీసేసిన ఈస్ట్ ప్లేటు ముందేసుకుని కూర్చుంది. దాని నిండా పీల చుక్కలే, బొద్దువి ఎక్కడో రెండు మూడు. మేడమ్ వచ్చి ప్లేటు వంకా, ఈమె వంకా చూసింది.

"నువ్వూ నీ ఈస్టూ ఒకటే. ఎదుగూ బొదుగూ లేదు."

అందరూ కిసుక్కుమన్నారు. రోజూ ఒకే డబ్బాలో కలిసి తినే స్నేహితురాలు కూడా నవ్వింది. ఈమెకు ఒళ్ళు మండిపోయింది. "ఎదగనివే కావాలి నాకు, చూస్తా" అని గొణుక్కుంటూ కసికొద్దీ పీల చుక్కల్నే తీసి విషం ప్లేట్ల మీద వేసింది. పోల్చి చూడ్డానికి ఒక్కదాని మీద మాత్రం బొద్దువి వేసింది.

మూడోనాడు తీరా చూస్తే పీలవి వేసిన ప్లేటు నిండా చెమటకాయలు పేలినట్టు చుక్కలు! బొద్దువి వేసిన ప్లేటు మీద మాత్రం అక్కడొకటి, ఇక్కడొకటి. మళ్ళీ చేసినా అదే తంతు. అప్పుడు బోధపడింది. జన్యువు పోయిన కణం జబ్బుపడి పీలగా మిగులుతుంది, దానిలో మ్యుటేషన్లూ పెరుగుతాయి. ఏ కొద్దిపాటి కణాలో ఇంకో మ్యుటేషన్‌తో కోలుకుని బొద్దుగా తయారవుతాయి. కోలుకున్నవాటినే ఏరుకుని, అసలు జబ్బే లేదని రాసుకున్నారు ఈ మహానుభావులు!

అక్కకు ఫోన్ చేస్తే, "ముందు సంతకం పెట్టించుకుని బయటపడవే, నిజాలు తర్వాత చెప్పుకోవచ్చు" అంది.

"తర్వాత ఎవరు వింటారక్కా?"

వారాంతపు సమావేశంలో ప్లేట్లు బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పింది. మేడమ్ ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూసింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇది థీసిస్‌లోంచి తీసెయ్. రేపే సంతకం పెడతా."

"తియ్యను మేడమ్."

"ఎవరి నీడన ఉన్నావో మర్చిపోయావా?" అని మేడమ్ మిగతావాళ్ళ వైపు తిరిగింది. "ఈవిడ చెప్పేది నిజమైతే మీ అందరి పనీ మళ్ళీ మొదటికి. చేస్తారా? చేసేవాళ్ళు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేస్తే ఒట్టు. స్నేహితురాలు చెప్పుల వంక చూసుకుంటూ కూర్చుంది. తన సొంత థీసిస్‌లోనూ సగం బొద్దు చుక్కల లెక్కలేనని మొండిఘటానికి తెలుసు. అయినా చెయ్యెత్తింది.

"నేను చేస్తాను."

"అయితే నా ల్యాబ్‌లో కాదు. ఇక నీకు నా సంతకమూ లేదు."

ప్లేట్లు సర్దుకుని తలుపు దాకా నడిచింది. వెనక నుంచి స్నేహితురాలి గొంతు వినిపించింది. "మేడమ్, ఆ ప్లేట్లు ల్యాబ్‌వి కదా?"

మొండిఘటం ఆగింది. వెనక్కి వచ్చి ప్లేట్లన్నీ ఆ పిల్ల ముందే పెట్టింది.

"ఉంచుకోవే. పీలవాటిని ఏరితే చాలు, ఎక్కడైనా ఇవే వస్తాయి."