రాహేలమ్మ కంటే ముందు

తాండూరు బండల గనిలో ఎవరికి దెబ్బ తగిలినా మొగులమ్మే పసుపు కట్టాలి. వికారాబాద్ దవాఖానలో ఆయాగా చేసిన రాహేలమ్మ ఆ ఊరికి కాపురానికొచ్చాక జనం ఆమెనూ అడగడం మొదలుపెట్టారు. మొగులమ్మకు కడుపు మండిపోయింది.

1958లో ఒకనాడు నాపరాయి జారి గని కూలీ జంగప్ప తలకు తగిలింది. చుక్క రక్తం రాలేదు. మధ్యాహ్నానికి రెండుసార్లు కక్కుకుని మత్తుగా పడిపోయాడు. కక్కుకుంటే దెబ్బ విషం పోతుందని గనిలో అందరి నమ్మకం.

"విషం పోయింది, పండనియ్యుండ్రి," అంది మొగులమ్మ.

"వద్దక్కా. నెత్తికి దెబ్బ తగిలినోడు కక్కుకొని మత్తుల పడ్డడంటే లోపల దెబ్బ తగిలినట్టే. ఇప్పుడొచ్చే రైలుకే దవాఖానకు తోలాలె," అంది రాహేలమ్మ.

"రెండేండ్లు నేల తుడిచి డాక్టరమ్మవైనవా?"

జంగప్ప భార్య రాహేలమ్మ మాటే విన్నది. అతను బతికాడు. తిరిగొచ్చి మొదట రాహేలమ్మ గడపే తొక్కాడు. మొగులమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత తలకు దెబ్బ అని వింటే చాలు, పసుపు వదిలేసి పరుగెత్తేది. "కక్కుకున్నవా? నిద్రొస్తుందా?" అని అడిగి, ఔనంటే తానే రైలెక్కించేది. ఎవరు నేర్పారంటే, "నాకొకరు నేర్పాల్నా?" అనేది, రాహేలమ్మకు వినబడేట్టు.