మొదటి పంటులో గేదెలు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఆగస్టులో, నన్ను కోనసీమలోని ఒక మండలానికి తహసీల్దారుగా వేశారు. ఆ మండలంలో ఒక లంక ఉంది. లంక అంటే గోదావరి పాయల మధ్య దీవి. వరదొస్తే దారి మునిగిపోతుంది, ఇక పడవే గతి.

ఇప్పుడు దాని గురించి రాయడానికి కారణం ఉంది. అక్కడ గ్రామ రెవెన్యూ అధికారిగా నాతో పనిచేసిన సుబ్బారావు గారు ఈమధ్య పోయారు. మొండి జనాన్ని రెక్క పట్టి లాక్కొచ్చి కాపాడారని సంతాప సభలో ఒక పెద్దాయన పొగిడారు. సుబ్బారావు గారు ఎవరి రెక్కా పట్టలేదు. ఆ జనం మొండివాళ్లూ కాదు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టాన్ని బట్టి మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. రెండోది వస్తే మేము లంక ఖాళీ చేయించాలి. మూడోది వచ్చేసరికి మా పాయలో వడి పెరిగి పడవ నిలవదు. నేను చేరిన కొద్ది రోజులకే ఒక ఉదయం రెండోది వచ్చింది. మా చేతిలో ఒక ఇంజిన్ పడవ, ఒక పంటు ఉన్నాయి. పంటు అంటే బళ్లనూ వాహనాలనూ రేవు దాటించే వెడల్పాటి బల్లకట్టు. నా పై అధికారి ఆర్డీవో గారి ఆదేశం ఒకటే: రెండింటిలోనూ ముందు మనుషులు, పశువుల సంగతి తర్వాత.

సుబ్బారావు గారు మైకులో చెప్పారు. పసిపిల్లల తల్లులు వెంటనే పడవెక్కారు. మిగతావాళ్లు "ఆయ్, విన్నామండి" అని ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు. ఇల్లిల్లూ తిరిగాను. ఒకాయన ఫోను చూపించి, భద్రాచలంలో తగ్గుతోందిగా అన్నాడు. అక్కడి తగ్గుదల మా దాకా రావడానికి చాలా సమయం పడుతుంది. ఈలోగా ఇక్కడ పెరుగుతూనే ఉంటుంది. ఆడవాళ్లు మాత్రం, మగవాళ్లు పక్కకు వెళ్లాక, అవతలి గట్టున మేము దించబోయే బడిలో బాత్రూముకు తలుపు లేదని చెప్పారు.

పాడి రైతు వీర్రాజు నవ్వాడు. "గేదెల్నొదిలేసి మేం బళ్లో కూర్చుంటే పాలెవరు పిండుతారండి? ఆర్డీవో గారొచ్చి పిండుతారేంటి?"

మంగాయమ్మ గారు ఒంటరి మనిషి, పశువులు లేవు. అరుగు మీంచి లేవనే లేదు. "ఎనభయ్యారు వరద ఈ అరుగు ముట్టుకుని ఎనక్కెళ్లిందండి. అంతకన్నా పెద్దది మీ మైకులోంచొస్తాదేంటి?"

ఆ లంకలో పాడి గట్టెక్కాకే ఇల్లు కదలడం అలవాటు. నేను మొదటి పంటు గేదెలకు ఇచ్చాను. ఇంజిన్ పడవను మనుషుల కోసం లంక రేవులోనే ఉంచాను. సుబ్బారావు గారిని బడికి పంపి తలుపు బిగించమన్నాను. ఆర్డీవో గారు ఫోనులో మండిపడ్డారు. మనుషులు మునిగితే జవాబు మీరు చెబుతారా అన్నారు. చెబుతానండి అన్నాను. ఆ మాట అన్నాక సాయంత్రం దాకా నా కళ్లు నీటి మీదే ఉన్నాయి.

గేదెల వెనక రైతులు వెళ్లారు. వాళ్లను చూసి ఇరుగుపొరుగు కదిలారు, ఫోను చూపించినాయనతో సహా. సుబ్బారావు గారు తిరిగొచ్చి తలుపు సంగతి ఒకావిడ చెవిన వేశారు; దానికి మైకు అవసరం లేకపోయింది. చివరికి మంగాయమ్మ గారొక్కరే మిగిలారు. వీర్రాజు అవతలి గట్టు నుంచి ఆవిడ కోసం వెనక్కి వచ్చాడు.

"పిన్నీ, నల్లగేదె కొత్త చోట పాలు చేపట్లేదే. రోజూ పిండే చెయ్యి నీదాయె."

"నీ చెయ్యి ముట్టుకుంటే చేపుతుందేంట్రా, మొద్దు చెయ్యీ నువ్వూనూ" అని తిట్టుకుంటూ ఆవిడ తాళం వేసి పడవెక్కారు.

తెల్లారేసరికి నీళ్లు ఆ అరుగు దాటి కిటికీ దాకా వచ్చాయి. లంకలో ఎవరూ లేరు.

తర్వాత నాకు మెమో వచ్చింది, ఆదేశం ఎందుకు మీరానో చెప్పమని. చెప్పాను. ప్రజలు మొండికేయడం వల్ల అలా చేయాల్సి వచ్చిందని ఒక్క వాక్యం చేరిస్తే వదిలేస్తామన్నారు ఆర్డీవో గారు. నేను చేర్చలేదు. మెమో నా సర్వీసు రికార్డులో ఉండిపోయింది. ఉండనీయండి.

బ్యారేజీ దగ్గర కొలిచేది నీటిని. ఆ కబురు విన్న మనిషి ఎందుకు కదలడం లేదో తెలియాలంటే గుమ్మం దాకా వెళ్లి అడగాలి. అడగనివాళ్లకే ఎదుటివాళ్లు మొండివాళ్లుగా కనిపిస్తారు. సంతాప సభలో ఆ మాట అన్న పెద్దాయన అప్పటి ఆర్డీవో గారే. అక్కడే లేచి కాదన్నాను. ఇక్కడా కాదంటున్నాను.