పెద్దమ్మ సైకిలెక్కిన వేసవి

మొన్న ఆదివారం మా అమ్మాయి వంటింటి గుమ్మంలో స్టూలు వేసి, దాని మీద ఫోను నిలబెట్టి, ఎదురుగా నిలబడి ఉపన్యాసం ఇచ్చింది. నేటి సమాజంలో యువత అన్న విషయం మీద కాస్సేపు మాట్లాడి పంపమన్నారట కాలేజీ వాళ్ళు. సగం హిందీ, సగం ఇంగ్లీషు, ఊపిరి తీసుకునే చోట మాత్రం కాస్త తెలుగు. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విన్నాను. అయ్యాక నా వైపు తిరిగి, "అమ్మా, మీ రోజుల్లో మీకు ఇలాంటి ఆలోచనలు వచ్చేవా, లేక చదువూ వంటా అంతేనా?" అని అడిగింది. నవ్వొచ్చింది. పదహారేళ్ళప్పుడు నా దగ్గర ఆలోచనలు తప్ప మరేమీ ఉండేవి కావు.

అవి ఎనభైల చివరి రోజులు. మేం బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉండేవాళ్ళం. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం వచ్చి అక్కడే పాతుకుపోయారు. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. నేను హిందీ మీడియంలో చదువుకుంటూ, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, రెండింటిలోనూ దేశాన్ని బాగుచేస్తూ ఉండేదాన్ని. వరకట్నం, నిరుద్యోగం, టీవీ వచ్చి పిల్లలు చెడిపోవడం, కుర్రాళ్ళ జులపాలు, గోల్ బజార్‌లో కొత్తగా దిగిన బిగుతు పాంట్లు, ఆడపిల్లల స్వేచ్ఛ, వీటిలో నాకు అభిప్రాయం లేని విషయం ఒక్కటీ లేదు. స్కూల్లో వక్తృత్వ పోటీ పెడితే మొదటి పేరు నాదే. ఇంట్లో పోటీ లేకపోయినా మాట్లాడేదాన్ని. నాన్న షెడ్డు నుంచి వచ్చి, చేతుల గ్రీజు రంపపు పొట్టుతో తోముకుంటూ ఓపిగ్గా వినేవాడు. చివర్న, "అచ్ఛా, సభ అయిపోతే అన్నం తిందుమేటి?" అనేవాడు. అంతకు మించి నన్నెప్పుడూ ఆపలేదు. ఆ ఇంట్లో పుట్టడం ఎంత అదృష్టమో అప్పుడు నాకు తెలియదు. అందరి ఇళ్ళలోనూ ఆడపిల్లల మాట అలాగే వింటారనుకునేదాన్ని.

నా ఉపన్యాసాలకు ఇంకో శ్రోత ఉండేది, మా పక్క క్వార్టర్ పెద్దమ్మ. రక్తసంబంధం ఏమీ లేదు. కాలనీలో అందరూ ఎవరో ఒకరికి పెద్దమ్మో పిన్నో అయి తీరాలి కాబట్టి ఆవిడ నాకు పెద్దమ్మ. వాళ్ళాయన, నాకు పెదనాన్న, గూడ్సు గార్డు, కట్నీ లైను మీద తిరిగేవాడు. కర్గీ రోడ్ స్టేషనులో బండిని పక్క లైనులోకి తోసేసి ప్రయాణికుల బండ్లన్నీ వెళ్ళేదాకా కూర్చోబెడితే, ఇంట్లో వండిన అన్నం చద్దన్నమయ్యేది. ఒక్కగానొక్క కూతురు ఆ ముందు ఏడాదే పెళ్ళయి వెళ్ళిపోయింది. పెద్దమ్మ మధ్యాహ్నాలు మా వెనక గుమ్మంలో కూర్చుని, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, నా మాటలన్నీ చెవిన వేసుకునేది. వాటికి ఔననీ అనేది కాదు, కాదనీ అనేది కాదు. బియ్యంతో పాటు నా మాటల్నీ ఏరుతోందని నాకు తర్వాత తెలిసింది.

మే నెల, సెలవులు ఇచ్చిన కొత్త. ఒక మధ్యాహ్నం నేను స్త్రీల స్వావలంబన గురించి బాగా ఊపుమీదున్నప్పుడు పెద్దమ్మ చేట కింద పెట్టింది.

"ఒలే, రోజూ ఆడోళ్ళు ముందుకు రావాల, ముందుకు రావాల అంతావు గదా. నాకు సైకిలు నేర్పీగలవేటి?"

అప్పుడు అసలు సంగతి చెప్పింది. తిఫ్రాలో చిన్న ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలకు కొత్తగా బాలవాడి పెడుతున్నారు. ఎనిమిది చదివిన ఆడవాళ్ళు కావాలి. పెద్దమ్మ విజయనగరంలో ఎనిమిది దాకా చదివింది. వాళ్ళు రమ్మన్నారు, జూలైలో మొదలు. కానీ అది మా కాలనీకి చాలా దూరం. రోజూ రిక్షా ఎక్కితే వచ్చే జీతమంతా రిక్షావాడికే. "మీ పెదనాన్నకి సెప్పలేదు. ముందు సైకిలొస్తే సెప్తాను. రాకపోతే సెప్పాల్సిన పనే లేదు గదా" అంది. ఆ మాట తేలిగ్గానే అంది కానీ, చెబుతున్నంతసేపూ ఏరేసిన రాళ్ళను మళ్ళీ బియ్యంలోకే తోస్తోంది.

మా అమ్మ హడలిపోయింది. "ఆ మడిసి డ్యూటీ నుంచి వచ్చి నన్నడిగితే ఏటి సెప్పాల? పెళ్ళైన ఆడది, సీర కట్టుకుని, నడిమైదానంలో?" అంది. నాన్న మాత్రం నా లేడీస్ సైకిల్ని తిరగేసి, గొలుసుకు నూనె వేసి, చీర చిక్కుకోకుండా వెనక చక్రానికి జాలీ బిగించి పెట్టాడు.

తెల్లవారుజామున, ఎండ రాకముందే, రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానానికి వెళ్ళేవాళ్ళం. పెద్దమ్మ కుచ్చిళ్ళు పైకి దోపుకుని పిన్నీసులు పెట్టుకునేది. ఆవిడది నిండైన విగ్రహం, నేనేమో గాలికి ఎగిరేదాన్ని. సీటు పట్టుకుని పరిగెత్తడం నా పని. ఆవిడ కుడివైపు ఒరిగితే నేనూ ఒరిగేదాన్ని, పడితే ఇద్దరం పడేవాళ్ళం. మొదటి వారం మేం సైకిలు నేర్చుకున్నామనడం కన్నా పడడం నేర్చుకున్నామనడం న్యాయం. పెద్దమ్మ మోచెయ్యి చెక్కుకుపోయింది, నా మోకాలు వాచింది. "బాలింతలా పసుపు పూసుకు తిరుగుతున్నాను, సూసినోళ్ళు ఏటనుకుంతారో" అని తనమీద తనే నవ్వుకునేది.

ఆ మైదానంలో మేం ఒక్కళ్ళమే కాదు. పదో పన్నెండో మంది కుర్రాళ్ళు క్రికెట్ ఆడుకునేవారు. పొద్దున్న అక్కడ, సాయంత్రం పాన్ దుకాణం దగ్గర. ఐటీఐ పాసై రైల్వే నోటిఫికేషన్ కోసం ఎదురు చూస్తున్నవాళ్ళు కొందరు, డిగ్రీ తప్పినవాళ్ళు కొందరు. వాళ్ళ మీద నేను హిందీలో ఒక వ్యాసం కూడా రాసి ఉన్నాను, దారితప్పిన యువతరం అంటూ. వాళ్ళలో భుజాల దాకా జులపాలున్నవాడొకడు మన తెలుగువాడే, ఒక రైలు డ్రైవరుగారి అబ్బాయి. పెద్దమ్మ పడినప్పుడల్లా వాళ్ళు ఆట ఆపి ఈలలు వేసేవారు. ఒకరోజు మరీ గట్టిగా పడింది. ఈలలతో పాటు చప్పట్లు కూడా వచ్చాయి. నా రక్తం మరిగింది. గబగబా పిచ్ మధ్యకు వెళ్ళి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, శుద్ధ హిందీలో, వక్తృత్వ పోటీ గొంతుతో, ఏ సమాజంలో నారికి గౌరవం ఉండదో ఆ సమాజం పతనమవుతుందని మొదలుపెట్టాను. వాళ్ళు నిశ్శబ్దంగా, ఎంతో శ్రద్ధగా విన్నారు. నేను ఆపగానే ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఒకడు ఇంకోసారి చెప్పమన్నాడు కూడా.

ఏడుపు ఆపుకుంటూ వెనక్కి తిరిగేసరికి పెద్దమ్మ చీర దులుపుకుంటూ వస్తోంది. వాళ్ళను తిడుతుందనుకున్నాను. తిన్నగా జులపాలవాడి ముందుకు వెళ్ళి నిలబడింది.

"ఒరే బాబూ, నువ్వు మన డ్రైవరుగారబ్బాయివి గదా? మీ అమ్మా నేనూ ఒక కుళాయి కాడే నీళ్ళు పట్టుకుంతాం. ఈ పిల్లకి నోట్లో ఉన్న బలం సేతుల్లో లేదు. నువ్వొచ్చి సీటు పట్టుకో. నేను జూలైకల్లా పన్లోకి ఎల్లాల."

వాడు బ్యాటు మీద బరువు వేసి నిలబడ్డవాడు నిటారుగా అయ్యాడు. "పనా? ఎక్కడ ఆంటీ?" అన్నాడు. చెప్పింది. పని అన్న మాట వినగానే వాళ్ళందరి ముఖాలూ ఎలా మారాయో నాకు ఇప్పటికీ గుర్తు. ఏళ్ళ తరబడి ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నవాళ్ళు కదా. వాడు బ్యాటు పక్కవాడి చేతికిచ్చి, "పదండి" అన్నాడు.

ఆ రోజు నుంచి ఒకడు సీటు, ఒకడు హ్యాండిలు. నన్ను గట్టుమీద కూర్చోబెట్టేశారు. సీటు పట్టుకుంటే ఎప్పటికీ రాదనీ, వదిలేసి వదల్లేదని అబద్ధం చెప్పాలనీ వాళ్ళ సిద్ధాంతం. "పకడే హై, ఆంటీ, పకడే హై", పట్టుకునే ఉన్నాం అని అరుస్తూ వెనకే ఉత్త చేతులతో పరిగెత్తేవారు. మధ్యలో అలసట తీర్చుకోవడానికి గట్టు మీద నా పక్కన కూర్చునేవారు. ఒకడు రాయపూర్ దాకా వెళ్ళి రాసి వచ్చిన పరీక్షల గురించి చెప్పాడు. జులపాలవాడు వాళ్ళ నాన్న తనతో మాట్లాడడం మానేశాడనీ, ఇంట్లో కూర్చుంటే కంటపడతానని రోజంతా బయట తిరుగుతాననీ చెప్పాడు. నా వ్యాసంలో ఇవేవీ లేవు.

జూన్ నెలలో ఒక ఉదయం పెద్దమ్మ మైదానం చుట్టూ తిరిగి వస్తోంది, వెనక ఎవరూ లేరు. అందరం అరుస్తున్నాం. అప్పుడు చూశాను, మైదానం చివర రోడ్డు మీద తెల్ల యూనిఫాంలో, కూలీ తలమీద గార్డు పెట్టెతో, పెదనాన్న. డ్యూటీ దిగి ఇంటికి వెళుతూ ఆగిపోయాడు. భార్య పిన్నీసుల చీరలో సైకిలు మీద, చుట్టూ జులపాల కుర్రాళ్ళు. పెద్దమ్మ కూడా చూసింది. దిగడం ఆవిడకు ఇంకా రాదు. ఎవరైనా పట్టుకుంటేనే దిగేది. పెదనాన్నను చూసి, పరిగెత్తి పట్టుకోవడానికి మాలో ఎవరికీ ధైర్యం చాలలేదు. అలాగే తొక్కుకుంటూ తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళిపోయింది. ఆయన ఒక్క అడుగు ముందుకు వేసి రెండు చేతులతో హ్యాండిలు పట్టుకున్నాడు.

బ్రేకు నొక్కి చూశాడు, మళ్ళీ నొక్కాడు.

"బ్రేకు పట్టడం లేదు" అన్నాడు. "ఇలాటి బండిని లైను మీదికి ఎవుడొదిలీసినాడు?"

"జూలై నుంచి తిఫ్రా ఎల్లాల" అంది పెద్దమ్మ, సీటు దిగకుండానే.

"ఎల్దువుగాని. ముందు బ్రేకు మార్పించాల" అన్నాడు ఆయన. అంతే. ఇంటికెళ్ళాక వాళ్ళిద్దరి మధ్యా ఏమయిందో తెలియదు. రెండు రోజులు పెద్దమ్మ మా గుమ్మంలోకి రాలేదు. గోడ అవతల ఆయన గొంతు హెచ్చడం, ఆవిడ గొంతు తగ్గకపోవడం మాత్రం వినపడింది. మూడో రోజు గోల్ బజార్ నుంచి రిక్షాలో ఒక సెకండ్‌హ్యాండ్ లేడీస్ సైకిలు వచ్చింది. కొత్త బ్రేకులతో.

పెద్దమ్మ ఆయన రిటైరయ్యేదాకా ఆ బాలవాడిలో పనిచేసింది. మొదట్లో కాలనీలో చెవులు కొరుక్కున్నారు. తర్వాత ఆ మైదానంలోనే మరో ఇద్దరు పిన్నులు సైకిలు నేర్చుకున్నారు. జులపాలవాడికి రెండేళ్ళకు రైల్వేలోనే ఖలాసీగా ఉద్యోగం వచ్చింది. జుట్టు కత్తిరించుకుని మిఠాయి పట్టుకుని మొదట పెద్దమ్మ ఇంటికే వచ్చాడని చెప్పుకునేవారు. ఆ ఏడు స్కూల్లో నేటి యువత మీద పోటీ పెట్టినప్పుడు నేను బట్టీ పట్టింది వదిలేసి, సీటు వదిలేసి పట్టుకున్నామని చెప్పే కుర్రాళ్ళ గురించి మాట్లాడాను. బహుమతి రాలేదు. విషయం నుంచి పక్కకు వెళ్ళానన్నారు.

తర్వాత నేనూ ఉద్యోగం చేశాను, ఎంతోమంది గొప్పవాళ్ళ ఉపన్యాసాలు విన్నాను. కానీ నా మాటల్ని నిజమని నమ్మి, వాటి మీద మొత్తం బరువు వేసి కూర్చున్న మొదటి మనిషి ఆవిడే. మనం ఊరికే అన్న మాటను ఒకరు అలా నమ్మితే, ఆ తర్వాత ఊరికే మాట్లాడడం కష్టమవుతుంది. నన్ను కొంచెమైనా మనిషిని చేసింది ఆ కష్టమే.

పదహారేళ్ళ నా కంటికి ఆ రోజుల్లో పెద్దమ్మ ముసలమ్మలా కనిపించేది. నలభై రెండు దాటిన మనిషికి సైకిలెందుకని నేనూ లోపల అనుకున్నాను. మొన్న మా అమ్మాయికి ఇదంతా చెబుతూ లెక్క వేసుకుంటే, ఆ మైదానంలో సైకిలెక్కిన మనిషి ఇప్పటి నాకన్నా పదేళ్ళు చిన్నది. కాలం ఎవరి వరసనూ ఉన్నచోట ఉండనివ్వదు. చూస్తూ చూస్తూ ఉండగానే పెద్దమ్మను నాకు చెల్లెల్ని చేసేసింది.