గడ్డి దుడ్డె

మా అత్త గంగామణి నోరు కరుకు. ఆమె మెత్తగా మాట్లాడేది ఒక్క బర్రెతోనే. మామ లస్మయ్య అయితే ఆమె గొంతు వినగానే పెరట్లోంచి మెల్లగా జారుకునేవాడు.

నేను బీబీపేట నుంచి యెల్లారెడ్డికి కాపురానికొచ్చిన ఏడు, 1938లో, ఆ బర్రె ఈనిన దుడ్డె చచ్చిపోయింది. దుడ్డె పక్కన లేకపోతే బర్రె పాలు చేపదు. అందుకని అత్త దుడ్డె తోలు ఒలిపించి, ఎండబెట్టి, లోపల గడ్డి కూరింది.

మా ఆయనకు కర్ర చెక్కడమంటే ప్రాణం. ఆ బొమ్మకు వేపకర్రతో తల చెక్కి, మసితో కండ్లు దిద్ది నిలబెట్టాడు. చూసినవాళ్లంతా అచ్చం దుడ్డేనన్నారు. బర్రె మాత్రం పచ్చి కర్ర వాసనకు బెదిరి చెంబును తన్నేసింది.

అత్త ఆ తల పీకి అవతల పారేసింది. "బర్రె ముక్కుతోని సూస్తది కొడుకా. నీ నగిషీ ఎవలకు గావాలె?" అంది.

తల లేని ఆ గడ్డిమూటను నాకుతూ బర్రె పాలు చేపింది.

"సచ్చిందని దానికి తెల్వదా అత్తా?" అని అడిగాను.

"తెల్వకేంది. నాకనియ్యి."

నాలుగేండ్లకు అత్త పోయింది. బర్రె నన్ను దగ్గరికి రానివ్వలేదు. చివరికి, చాకలికి వేయని అత్త చీర ఒకటి దండెం మీద ఉంటే చుట్టుకుని వెళ్లాను. అది నా భుజం వాసన చూసి, నిలబడి చేపింది.

ఆ చీరను ఇంట్లో ఎవరూ ఉతకనివ్వలేదు. రోజూ నేను అది చుట్టుకుని పాలు పిండే వేళకు మామ కొట్టంలోకి వచ్చి, గాలి వాటం చూసుకుని కూర్చునేవాడు.