కరెంటు పోదన్న మనిషి

మా ఇంటి ఓనర్ సార్ గురువారం పొద్దున గుండెపోటుతో పోయారు. షాద్‌నగర్‌లో ఆయన ఇంటి కింది వాటాలో నేను చాలా ఏళ్లుగా కిరాయికి ఉంటున్నాను. పైకి వెళ్లేసరికి ఆయనను హాల్లో ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. పెట్టెకు కరెంటు కావాలి కాబట్టి బంధువొకరు గోడకున్న ప్లగ్గు పీకి పెట్టె ప్లగ్గు గుచ్చారు. పీకింది అక్వేరియం మోటారుది. కాసేపటికి చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు తడిసిన చీరలతో ఒక్కొక్కరే లేచారు.

"బిందె ఎవలన్న తన్నిన్రా ఏంది?" అంది ఓ ముసలామె.

"బిందె కాదు, మోటర్ బందైంది. జర ఎవలన్న చూడుండ్రి, చేపలు..." అన్నారు అక్క, ఏడుపు మధ్యలోనే. సార్ భార్యను నేను అక్క అనే పిలుస్తాను. కిందినుంచి వైరు లాగి మోటారు నడిపించాను.

ఆ అక్వేరియం గోడంత ఉంటుంది. రిటైరయ్యాక సార్ సొంతంగా కట్టుకున్నారు. పై తొట్టిలో ఎక్కువైన నీళ్లు ఓ గొట్టంలోంచి బల్ల కిందున్న చిన్న తొట్టిలోకి దిగుతాయి. మోటారు వాటిని రెండో గొట్టం గుండా మళ్లీ పైకి తోస్తుంది. ఆ గొట్టం మూతి పై తొట్టిలో లోతుగా మునిగి ఉంది. మోటారు ఆగితే ఆ గొట్టమే నీళ్లను వెనక్కి లాగుతుంది. కింది తొట్టి నిండి పొర్లుతుంది. అక్కడినుంచి నా వంటింటి కప్పులోంచి కారుతుంది.

ఇదంతా నాకు చెప్పింది ఆయనే. ఉపాయమూ ఆయనే చెప్పారు. నీటి మట్టానికి కొంచెం కింద గొట్టానికి రంధ్రం పెడితే, మట్టం అక్కడికి దిగగానే గాలి దూరి లాగుడు ఆగిపోతుంది.

"మరి పెట్టుండ్రి సార్."

"ఎందుకు పెట్టాలె? కరెంటు పోతే గద!"

ఆయన కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. రాష్ట్రం రాకముందు, కరెంటు కోతలకు పొలాలు ఎండుతున్న రైతులు తిట్టి ఆయనను సబ్‌స్టేషన్‌లో పెట్టి తాళం వేశారట. తర్వాత కోతలు తగ్గాయి, ఆ తిట్లూ తగ్గాయి. గొట్టానికి రంధ్రం పెట్టడమంటే, ఆయన దృష్టిలో, కరెంటు మళ్లీ పోతుందని ఒప్పుకోవడం.

పోయేది. గాలివానకు, విరిగిన కొమ్మకు, మరమ్మతుకు. నేను తడిసిన చొక్కాతో మెట్లెక్కేవాణ్ని.

"పోలే రిపోర్టర్ సాబ్, తీసిన్రు. పోవుడు వేరు, తీసుడు వేరు."

"నా పప్పుల పడే నీళ్లు రెండిట్ల ఒక్కటే సార్."

పేపర్లో కరెంటు కోతల వార్త రాస్తే, "నా ఇంట్లుండి నా మీదనే రాస్తవా?" అనేవారు. మరక పడిన కప్పుకు ప్రతిసారీ తనే నిచ్చెన వేసుకుని సున్నం వేసేవారు. మా అమ్మ దవాఖానలో ఉన్నన్ని రోజులు మాకు అన్నం డబ్బా ఆయనే మోశారు. ఇన్వర్టర్ పెట్టుకోలేదా అని మీరు అడగవచ్చు. ఆ మాటెత్తితే ముఖం తిప్పుకునేవారు.

దినాలయ్యాక అక్క పిలిచారు. తల్లి ఒక్కతే ఈ పొర్లే నీళ్లు ఎత్తిపోయలేదని, చేపలను ఎవరికైనా ఇచ్చేద్దామని ఆమె కొడుకు అంటున్నాడు.

"చేపలుండాలె. నీళ్లు పొర్లొద్దు. నీతోని అయితదా తమ్మీ?"

"అయితది. ఒక్క రంధ్రం పెట్టాలె."

"ఆయన ఒద్దన్నడు గద."

"అన్నరు."

"నన్నెప్పుడన్న అడిగిండా? తుడుచుకుంటనే ఉన్న. పెట్టు."

గొట్టం పైకి తీసి, రంధ్రం పెట్టి, మళ్లీ బిగించాను. ఆమె పోసిన చాయ్ చల్లారలేదు. ఇన్నేళ్ల గొడవకు ఇంతే పని. కోపమొచ్చింది. పోట్లాడదామంటే మనిషి లేడు.

మోటారు నడిచాక, పరీక్షకు అక్కే స్విచ్ ఆపారు. పై మట్టం కొంచెం దిగింది. గొట్టం గరగరమని గాలి పీల్చి ఆగింది. కింది తొట్టి పొర్లలేదు.

"ఇగ ఎయ్యి అక్కా" అన్నాను.

ఆమె వేలు స్విచ్ మీదే ఉంది. నొక్కలేదు. అద్దం వెనక, ఎప్పుడూ గొట్టం తోసే నీటికి ఎదురుగా నిలబడే చేపలు, తోపుడు లేక, నెమ్మదిగా తలో దిక్కుకు తిరిగాయి.