మోకాలి మందుకు పంచనామా

నేను ఎక్సైజ్ శాఖలో ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. ఉద్యోగంలో సగం కాలం ఏజెన్సీ కొండల్లో గంజాయి తోటలు వెతికి, పీకించి, తగలబెట్టించడంలోనే గడిచింది. అందుకే అమెరికాలో, నేపర్‌విల్‌లోని మా అబ్బాయి ఇంటికి పక్కింటి ముసలావిడ ఒక సాయంత్రం వచ్చి, మా ఆవిడ చేతిలో చిన్న డబ్బా పెట్టి, "మోకాలికి రాసుకో, హాయిగా నిద్రపడుతుంది" అన్నప్పుడు, దాని మీది ఆకు బొమ్మను ముందుగా గుర్తుపట్టింది నేనే.

పక్కింటావిడ పడుచుతనంలో ఈ ఆకు మీద నిషేధం ఎత్తేయాలని ఊరేగింపుల్లో నడిచిందట. ఒకసారి పోలీసులు పట్టుకెళ్లారట కూడా. ఇప్పుడు పక్క ఊరి షాపులో పన్ను వేసి, రసీదిచ్చి అమ్ముతున్నారని గర్వంగా చెప్పింది. నేను తగలబెట్టించిన కొండలన్నీ కళ్ల ముందు తిరిగాయి.

ఆమె వెళ్లగానే మా అబ్బాయికి చెప్పాను. వాడు లాప్‌టాప్ మూసేశాడు.

"అమ్మా, రాసుకోలేదు కదా?"

"మూత తీసి వాసన చూశానంతే. కర్పూరం వాసనొస్తోంది."

"స్టేట్ చట్టంలో ఓకే అమ్మా, ఫెడరల్‌లో, అంటే ఇక్కడి సెంట్రల్ గవర్నమెంట్ చట్టంలో కాదు. నీ సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఫెడరల్ వాళ్లది. డ్రగ్స్ వాడావా అని అడుగుతారు. అవునంటే అప్లికేషన్ రిజెక్ట్ చేయొచ్చు. వాడి కూడా లేదంటే ఇంకా డేంజర్."

ఇంటర్వ్యూ వచ్చే నెలలోనే ఉంది. గ్రీన్‌కార్డుతో ఇండియాలో ఎక్కువ రోజులుంటే తిరిగి రానిస్తారో లేదోనని, మా ఆవిడ కాకినాడలో చెల్లెలి దగ్గర ఏనాడూ తీరిగ్గా ఉండలేదు. సిటిజన్‌షిప్ వస్తే ఏడాదంతా ఉంటానని చెల్లెలికి మాట కూడా ఇచ్చేసింది.

"ఇలా ఇవ్వు," అన్నాను. "నిషిద్ధ వస్తువు. పద్ధతి ప్రకారం ధ్వంసం చేయాలి."

"చెత్తబుట్టలో పడేస్తే పోలా?"

"చెత్తలో దొరికితే ఎవరిదంటారు? మా శాఖలో ఇద్దరు మధ్యవర్తుల ఎదుట పంచనామా రాసి కాల్చేవాళ్లం."

"నాన్నా, నాకు మీటింగ్ ఉంది," అంటూ అబ్బాయి జారుకున్నాడు. మధ్యవర్తిగా మిగిలింది ముద్దాయే.

"మోకాలి మందుకి పంచనామా ఏంటండీ, మీకు మతి గానీ పోయిందా," అంటూనే ఆమె కుర్చీ లాక్కుని పెరట్లో కూర్చుంది.

బార్బెక్యూ పొయ్యిలో బొగ్గులు రాజేసి డబ్బాను అందులో పెట్టాను. కొండల మీద కాల్చింది ఆకు. ఇందులో ఉన్నది మైనం, నూనె, పైన ప్లాస్టిక్. భగ్గుమంది. నల్లటి పొగ కంచె దాటి వీధిలోకి పోయింది. పొయ్యి మూత కోసం వెతుకుతుండగానే ఫైరింజన్ కూత వినిపించింది. ఫోన్ చేసింది పక్కింటావిడే.

ఫైరింజన్ దిగిన యువకుడు మంట ఆర్పి, ఏం కాల్చారని అడిగాడు. సర్వీసంతా ఆ ప్రశ్న నేను ఇంకొకరిని అడిగినవాణ్నే. జవాబు చెప్పాల్సి రావడం అదే మొదలు. ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆవిడ కళ్లు మూసుకుంది.

"అది ఇక్కడ లీగలే సర్," అన్నాడతను. "పెరట్లో ప్లాస్టిక్ కాల్చడం లీగల్ కాదు. ఈసారికి వదిలేస్తున్నాను."

కంచె అవతల నుంచి పక్కింటావిడ నా వంకే చూస్తోంది. "వద్దనుకుంటే నాకే తిరిగి ఇచ్చేయొచ్చు కదా?" అంది. ఈ పద్ధతి మా శాఖ నిబంధనల్లో లేదు. ఆ రోజు డైరీలో "పొయ్యి శుభ్రం చేశాను" అని మాత్రం రాసుకున్నాను.

ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వచ్చింది. మా ఆవిడ "నో" అని ఎంత గట్టిగా చెప్పిందంటే ఆఫీసరు పెన్ను కింద పెట్టి నవ్వాడట. సిటిజన్‌గా ప్రమాణం చేసిన రోజు, చేతిలో చిన్న జెండాతో కారెక్కుతూనే, "పక్క ఊరి మీదుగా పోనివ్వండి," అంది.

నేనూ అప్లై చేశాను గానీ, నా ఇంటర్వ్యూ ఇంకా కాలేదు. అందుకని ఆమె షాపులోకి వెళ్తే నేను పార్కింగ్‌లోనే కూర్చున్నాను. సీలు వేసిన సంచితో తిరిగొచ్చింది. సీలు ఎలా వేశారో చూద్దామని చెయ్యి చాపాను.

"ముట్టుకోకండి," అంది, సంచిని అవతలి పక్కకు మార్చుకుంటూ. "మీ నడుంనొప్పికి కూడా పనిచేస్తుందట. ముందు మీ ఇంటర్వ్యూ కానివ్వండి."